నీటి కింది సమాధులు

కర్నూలు సీమలో తుంగభద్ర, కృష్ణ నదుల ఒడ్డున పూర్వీకుల సమాధుల కోసం వెతికే వారసులు రెండు తెగలవారు. మొదటివారు సముద్రాలు దాటి వస్తారు. వారి పూర్వీకులు ఈస్టిండియా కంపెనీ కొలువులోనో, పటాలంలోనో, కాలువ తవ్వకంలోనో, క్రైస్తవ మిషన్లలోనో పనిచేస్తూ ఇక్కడే కన్నుమూసి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. రెండోవారు పక్క మండలం నుంచి, పునరావాస కాలనీ నుంచి, లేదా బతుకుదెరువుకు వెళ్లిన పట్నం నుంచి వస్తారు. వారి తాతలు శ్రీశైలం జలాశయం కింద మునిగిపోయిన ఊళ్లలో పుట్టి, ఆ ఊళ్లలోనే సేద్యం చేసి, ఆ ఊళ్ల మట్టిలోనే పడుకున్నారు.

ఈ ఇద్దరి వెతుకులాటా ఒకే నీటి దగ్గర ఆగుతుంది. కానీ ఇద్దరి చేతుల్లో ఉన్న ఆధారాలు మాత్రం ఒకటి కావు. సీమదొరల వారసుల దగ్గర చనిపోయిన మనిషి పేరుంటుంది, తేదీ ఉంటుంది, హోదా ఉంటుంది. పూడ్చిన చోటు మాత్రం చాలాసార్లు ఉండదు. ముంపు గ్రామాల వారసులకు చోటు తెలుసు, సర్వే నంబరుతో సహా తెలుసు. కానీ అక్కడ పడుకున్నవారి పేర్లు ఏ దస్తరంలోనూ రాసి ఉండవు. ఒకరికి పేరుండి చోటు లేదు, మరొకరికి చోటుండి పేరు లేదు. ఈ ప్రసంగమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది కాబట్టి శ్రోతలు దీనిని గుర్తుంచుకోవాలి.

ముందుగా దొరల సంగతి. నిజాము 1800లో ఇంగ్లీషు కంపెనీకి వదిలేసిన ప్రాంతానికి దత్తమండలాలు అని పేరు. బళ్లారి, అనంతపురం, కడప సీమలూ నేటి కర్నూలు ప్రాంతంలో కొంతభాగమూ అందులోనివే. కర్నూలు పట్టణమూ దాని చుట్టుపక్కల సీమా మాత్రం నవాబు చేతిలోనే మరి నాలుగు దశాబ్దాలు మిగిలాయి. 1839 అక్టోబరు 18న హంద్రీ అవతలి జోహరాపురం దగ్గర కంపెనీ సేనలు నవాబు గులాం రసూల్ ఖాన్ అనుచరులతో తలపడి అతణ్ణి పట్టుకోవడంతో ఆ పాలన ముగిసింది. ఖైదీగా తిరుచిరాపల్లికి తరలిపోయిన ఆ నవాబు మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. ఆ వంశానికి ముందే ఈ పట్టణాన్ని ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం హంద్రీ ఒడ్డున నేటికీ నిలిచి ఉండగా, చివరి నవాబుకు మాత్రం సొంత ఊరి మట్టి దక్కలేదు. ఈ సీమలో సమాధికీ పరాయితనానికీ ఉన్న చుట్టరికం దొరలకే పరిమితం కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చి, ఏడేళ్లు ఇక్కడ గుర్రం మీద తిరిగి, రైతు పేరిటే శిస్తు నిర్ణయించే రైతువారీ పద్ధతిని పాదుకొల్పిన థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరయ్యాడు. ఆయన పదవి విరమించి స్కాట్లండుకు తిరిగిపోయే ముందు ఈ ప్రాంత ప్రజలకు వీడ్కోలు చెప్పాలని మళ్లీ పర్యటనకు బయలుదేరాడు. ఆ ప్రయాణంలోనే కలరా సోకి, 1827 జులై 6న పత్తికొండలో చనిపోయాడు. గవర్నరు అంతటివాడు కూడా దారిలోనే, ఒక గుడారంలో ఒక్కరోజు జబ్బుతో పోవడం ఆనాటి మరణాల తీరును తెలియజేస్తుంది. ఆయన్ని గుత్తికి తీసుకుపోయి కొండకోట కింద ఖననం చేశారు. నాలుగేళ్ల తరువాత, 1831లో, అవశేషాలను పైకి తీసి మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరిట బావి తవ్వించారు, తోపు వేయించారు. అంటే ఒకే మనిషికి చనిపోయిన చోట ఒక గుర్తు, పూడ్చిన చోట ఒక గుర్తు, మార్చిన చోట ఒక గుర్తు మిగిలాయి. గవర్నరు కాబట్టి మిగిలాయి. ఆయన వెంట నడిచిన పటాలంలోని సామాన్య సిపాయి ఎవడైనా అదే జబ్బుతో పోయి ఉంటే, దారి పక్కన తవ్విన గుంటే అతని సమాధి.

ఆ దారులు నదులను దాటేవి. మద్రాసు నుంచి కడప మీదుగా హైదరాబాదు, సికింద్రాబాదులకు పోయే బాట తుంగభద్రనూ కృష్ణనూ దాటాలి. వంతెనలు లేని ఆ రోజుల్లో వానకాలపు వెల్లువ తగ్గేదాకా రేవు దగ్గర రోజుల తరబడి మకాం వేసి, వెదురు తట్టకు తోలు బిగించిన అరిగోలులో మనుషులనూ సామానునూ అవతలికి చేర్చేవారు. మకాం ఎక్కడ నిలిస్తే అక్కడ కలరా పుట్టేది. పోయినవారిని ఆ ఒడ్డునే పూడ్చేవారు.

నది ఒడ్డున గుమికూడిన మరో పెద్ద జనం కాలువ పనివారు. సర్ ఆర్థర్ కాటన్ ఊహించిన బృహత్పథకంలో భాగంగా, లండనులో వాటాలు అమ్మి మూలధనం కూడగట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1860లలో కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టింది. అక్కడి నుంచి కడపదాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వించింది. అదే నేటి కె.సి. కాలువ. నల్లమల అంచు అప్పట్లో మలేరియాకు పుట్టినిల్లు. అక్కడ పనిచేసిన ఇంజినీర్లకూ మేస్త్రీలకూ వేల కూలీలకూ ఆ జ్వరం కులమూ రంగూ చూడకుండా సోకేది. కంపెనీ లెక్క ప్రకారం రావలసిన నీటితీరువా రాలేదు, పెట్టుబడి తిరిగిరాలేదు, చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కాలువ మిగిలింది, కంపెనీ మాసిపోయింది. దాని కోసం చనిపోయిన కూలీల పేర్లను ఆ కంపెనీ ఏనాడూ పట్టించుకోలేదు.

ఇక పేర్ల సంగతి. దొరల పేర్లు ఎలా మిగిలాయో శ్రోతలకు కొంత వివరంగా చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే వెతుకులాటకు మొదటి మెట్టు అదే. కంపెనీ పాలనలో ఎక్కడ ఒక ఐరోపా క్రైస్తవుడు చనిపోయినా, అక్కడి చాప్లెన్, అంటే సర్కారు జీతం తీసుకునే చర్చి గురువు, ఆ ఖననాన్ని రిజిస్టరులో రాసేవాడు. గురువు లేని చోట కలెక్టరో సైన్యాధికారో ప్రార్థన చదివి వివరం పంపేవాడు. ఆ పుస్తకాల నకళ్లు ఏటేటా మద్రాసుకూ, అక్కడి నుంచి ఓడల మీద లండనుకూ చేరేవి. మద్రాసు రాజధానికి సంబంధించిన ఈ నకళ్లు 1698 నుంచి మొదలై, నేడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్తరాలలో ఉన్నాయి. జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐ.సి.ఎస్. అధికారి మద్రాసు రాజధానిలో చెప్పుకోదగిన సమాధుల మీది రాతలను జిల్లాలవారీగా సేకరించి 1905లో పెద్ద గ్రంథంగా అచ్చువేయించాడు. సమాధి మీద చెక్కిన మాటలను సమాధిలేఖ అంటారు. రాయి పోయినా ఆ లేఖ కాటన్ పుస్తకంలో దొరికిన సందర్భాలు అనేకం. దక్షిణాసియాలోని ఐరోపా శ్మశానాల వివరాలు సేకరించే సంఘాన్ని 1976లో థియాన్ విల్కిన్సన్ లండనులో స్థాపించాడు. అదే ఏడాది ఆయన వెలువరించిన పుస్తకం పేరు ‘టూ మాన్సూన్స్’. ఈ దేశానికి కొత్తగా వచ్చిన దొర ఆయుష్షు రెండు వానకాలాలే అని ఆనాటివారు చెప్పుకొనే నానుడి నుంచి పుట్టిన పేరది.

ఇంత కాగితం ఉంది. కానీ ఆ రిజిస్టరులో ఉండేది పేరు, వయసు, ఉద్యోగం, ఖననం చేసిన ఊరు. ఊరి పేరు ‘కర్నూలు’ అనో ‘కడప’ అనో ఉంటుంది తప్ప ఆ ఊళ్లో ఏ దిక్కున, ఏ చెట్టు కింద అన్నది ఉండదు. దారిలో పోయినవారికైతే ‘మకాములో’ అన్న మాటతో సరి. వారసుడు ఆ కాగితం పట్టుకొని ఇక్కడికి వచ్చేసరికి మకాం ఎత్తేసి నూటయాభై ఏళ్లయి ఉంటుంది, పాత రేవు మూతబడి ఉంటుంది, నది తన పాయను మార్చుకొని ఉంటుంది. ఇటుకా గచ్చూ వానకు కరిగిపోతాయి. పలకరాయి దొరికితే గడపకో మెట్టుకో పనికొస్తుందని పట్టుకుపోవడం దేశమంతటా జరిగిన పనే. అందులో ద్వేషమేమీ లేదు, అవసరమే ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచెత్తినప్పుడు, సుంకేసుల బ్యారేజీ మీదుగా వరద దూకినప్పుడు, బతికున్నవారి ఇళ్లలోనే మేడల ఎత్తున నీరు నిలిచింది. అటువంటి వెల్లువలు ఒడ్డున ఉన్న పాత సమాధులను ఏంచేసి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

రెండో తెగ వారసుల కథ ఇంతకంటే దగ్గరిది. శ్రీశైలం దగ్గర కృష్ణమీద కట్టే ఆనకట్టకు 1963లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981లో ముంపు గ్రామాలను ఖాళీ చేయించారు. అటు పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇటు పాత కర్నూలు జిల్లా, రెండింటిలోనూ కలిపి వంద వరకు గ్రామాలు నీటి కిందికి పోయాయి. ఆనకట్ట వెనుక, ఎగువకు విస్తరించి నిలిచే నీటిని బ్యాక్‌వాటర్ అంటారు. ఈ జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగుల ఎత్తున ఉంటుంది, ఆ గీతకు దిగువన ఉన్న పొలమైనా ఇల్లైనా గోరీ అయినా ముంపులోనిదే.

ఆ గీత కింద ఉన్న దేవుళ్లను ప్రభుత్వం వదిలిపెట్టలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లను తరలించారు. జటప్రోలు, సోమశిల ఆలయాలకు కూడా కొత్త చోట్లు దొరికాయి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు నీరు తగలకుండా పెద్ద గోడ కట్టారు. పురావస్తు శాఖ ఈ పనిని శ్రద్ధతో చేసింది, దానికి తగిన గౌరవం దక్కాలి. తరలించని గుళ్లలో ఒకటి ఏడు నదులు కలిసే చోటని పేరుపడిన సంగమేశ్వరం. వేపకొయ్య లింగమున్న ఆ గుడి ఏటా నెలల తరబడి నీటిలో మునిగి ఉండి, వేసవిలో మట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది, అప్పుడు పూజారి పడవ మీద పోయి పూజ మొదలుపెడతాడు. ఈ వార్త ఏటా పత్రికల్లో వస్తుంది. అదే వేసవిలో, అదే నేలలో బయటపడే శ్మశానాల గురించి మాత్రం వార్త రాదు.

దేవుళ్లకు దొరికిన ఏర్పాటు చనిపోయినవారికి దొరకలేదు. దీనికి కారణం దుర్మార్గం కాదు, రెవెన్యూ లెక్కలు. భూసేకరణలో పట్టా పొలానికి ధర కట్టారు, ఇంటికి ధర కట్టారు, బావికీ చింతచెట్టుకూ ధర కట్టారు. శ్మశానం మాత్రం రెవెన్యూ దస్తరంలో పోరంబోకు, అంటే ఎవరి పట్టాలోనూ లేని సర్కారు భూమి. సర్కారు భూమికి సర్కారు ఎవరికి నష్టపరిహారం ఇస్తుంది? అందువల్ల గ్రామ పటంలో శ్మశానానికి సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, హద్దులున్నాయి; అక్కడ ఎవరున్నారన్నది లేదు. రాయలసీమలో చనిపోయినవారిని దహనం చేయకుండా పూడ్చే కులాలు అనేకం. ముస్లిముల ఖబరస్తాన్లు వేరు, లింగాయతుల సమాధులు వేరు, మాలమాదిగల శ్మశానాలు ఊరికి మరో దిక్కున వేరు. కొందరు రైతులు తమ పెద్దలను సొంత పొలం గట్టున పూడ్చి, పైన చిన్న దిమ్మె కట్టి, ఏటా సున్నం పూసేవారు. పొలంలో పూడ్చినవారి విషయంలో మాత్రమే చోటూ వంశమూ ఒకే కాగితంలో, అంటే పట్టాలో, కలిసి కనిపిస్తాయి. మిగిలినవారికి ఆధారం ముసలివారి జ్ఞాపకమే.

నీరు తగ్గితే దొరుకుతాయి కదా అనిపించవచ్చు. అంత సులభం కాదు. నీటితోపాటు ఒండ్రు వస్తుంది; ఒండ్రు అంటే నది మోసుకొచ్చి వదిలే మెత్తని మట్టి. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీల నీరు పట్టేది. తరువాతి సర్వేల్లో అది 216 టీఎంసీలకు దగ్గరపడింది. ఆ తేడా అంతా ఒండ్రే. ఆ ఒండ్రు కింద ఉన్న గోరీ దిమ్మె వేసవిలో నీరు పోయినా పైకి రాదు. నీరు ఏటా వెనక్కి తగ్గుతుంది, మట్టి మాత్రం తగ్గదు.

కాలం కూడా వెతికేవారికి అనుకూలించదు. పెద్దలకు పెట్టుకొనే మహాలయ అమావాస్య సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. వరద బాగా వచ్చిన ఏడాది జలాశయం నిండుగా ఉండేది సరిగ్గా అప్పుడే. తాత సమాధి దగ్గర పెట్టవలసిన కూడును ముంపు కుటుంబాలు పునరావాస కాలనీ ఇంట్లోనే పెట్టి పేరు తలుచుకోవాలి. సముద్రాలు దాటి వచ్చే దొరల వారసులు చలికాలం చూసుకొని డిసెంబరులో, జనవరిలో వస్తారు. అప్పటికీ నీరు చాలావరకు నిలిచే ఉంటుంది. నేల కనిపించేది ఏప్రిల్, మే నెలల్లో, ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు. వారికి వీలున్నప్పుడు నీరుంటుంది, నీరు లేనప్పుడు ఎవరికీ వీలుండదు.

ఇటువంటి సమస్య ఇంగ్లీషువారి ఇంటి పక్కనే, వేల్సులో, వేరే తీరున పరిష్కారమైంది. లివర్‌పూల్ నగరానికి నీటి కోసం 1965లో ట్రవెరిన్ లోయను ముంచినప్పుడు కాపెల్ కెలిన్ అనే చిన్న ఊరు జలాశయం కిందికి పోయింది. అక్కడి ప్రార్థనా మందిరం శ్మశానంలో కొన్ని కుటుంబాలు కోరితే అవశేషాలను వేరే చోటికి తరలించారు, మిగిలిన సమాధుల మీద కంకర, కాంక్రీటు పరిచి నీరు వదిలారు. వేల్సు ప్రజలు దానిని నేటికీ క్షమించలేదు. అయినా అక్కడ కుటుంబాలను అడిగారు. కృష్ణాతీరంలో గుడి రాళ్లకు అంకెలు వేసినంత ఓపికగా గోరీల లెక్క కట్టి, ఎవరివో రాసుకొని ఉంటే పెద్ద ఖర్చయ్యేది కాదు.

కాగితం లేకపోతే ఎంత నష్టమో ముంపు కుటుంబాలకు మరో దారిలో కూడా తెలిసివచ్చింది. శ్రీశైలం ముంపు కుటుంబంలో ఒకరికి ప్రభుత్వోద్యోగం ఇవ్వాలని 1986లో 98వ నంబరు జీవో వెలువడింది. ఆ జీవో అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాల తరబడి ధర్నాలు చేశారు. ఆ ఉద్యోగం అడగాలంటే తాము ఫలానా ముంపు రైతు వారసులమని రుజువు చూపాలి. అందుకోసం పాత అవార్డు పుస్తకాలు, అంటే ఎవరికి ఎంత పరిహారం ఇచ్చారో రాసిన లెక్కలు, వెతకాలి. అలా తాత పేరు కాగితం మీద దొరికితే ఉద్యోగానికి దారి దొరుకుతుంది. అదే తాత సమాధికి దారి ఆ కాగితంలో ఉండదు.

అన్వేషణ తిరుగుదిక్కున కూడా జరిగింది. కడపలో ఇల్లు కొని, పండితులను పెట్టి తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్ 1884లో లండనులో చనిపోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధిని వెతుక్కుంటూ తెలుగువారు వెళ్లి నమస్కరించి వస్తున్నారు. కడపలో ఆయన ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం వెలిసింది. కెన్సల్ గ్రీన్ శ్మశానం పుస్తకంలో వరుస ఉంది, అంకె ఉంది, పేరు ఉంది. పేరూ చోటూ రెండూ ఒకే పుస్తకంలో ఉంటే వెతుకులాట ఒక పూట పని.

ముంపు గ్రామాలకు ఆ రెంటినీ కలపడం నేటికీ సాధ్యమే. శ్మశానాల సర్వే నంబర్లు పాత గ్రామ పటాలలో ఉన్నాయి. ఆ పటాలను ఉపగ్రహ చిత్రాల మీద పరిచి ఒక్కో శ్మశానం ఏ మట్టంలో ఉందో, ఏ నెలలో తేలుతుందో చెప్పే సాంకేతికత నేడు అందుబాటులో ఉంది. కావలసింది పేర్లు. అవి పునరావాస కాలనీలలో అరుగుల మీద కూర్చున్న పెద్దవారి దగ్గర ఉన్నాయి. 1981లో ఊరు వదిలినప్పుడు ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి. తమ తాతను ఏ గట్టున పూడ్చారో, పక్క గోరీ ఎవరిదో వారికి నోటికి వచ్చు. జిల్లా కళాశాలల చరిత్ర విద్యార్థులు వేసవి సెలవుల్లో కాలనీలకు పోయి, ఆ పేర్లను ఊరివారీగా, సర్వే నంబరువారీగా రాసుకొని, ఒక నకలు తహసీలుదారు కార్యాలయంలోనూ మరో నకలు రాష్ట్రపు పాత దస్తరాలు భద్రపరిచే చోటా దాచవచ్చు. ఆ పనికి అనువైన కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా. జులైలో ఎగువ నుంచి వరద మొదలవుతుంది.